జపనీస్‌లో ‘సెన్సెయ్’ (గురువు) మాటలోని కంజి ‘生’ పచ్చి గుడ్డులోకి ఎలా వచ్చింది?

మీరు కంజిని (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చూపే అక్షరం) మాత్రమే చూసి, దాని వెనక ఉన్న హిరగన (ఉచ్చారణ చూపే జపనీస్ అక్షరాలు) తోకను వదిలేస్తున్నారు. ‘నిఘంటువులో బతకడం, పుట్టడం అని ఉంది, గుడ్ల ప్యాకెట్ మీద మాత్రం పచ్చి అని అర్థం’ అన్న మీ గందరగోళం అక్కడిదే.

ఈ కంజి నేలలోంచి పైకొస్తున్న మొలక బొమ్మ. ముందు అది మనసులో పెట్టుకోండి.

1. తోక చూడండి. అందరూ దాటేసే మెట్టు ఇదే. ఈ తోకను ఒకురిగన అంటారు.
‘కిరు’ ఉంటే ఇకిరు: బతకడం.
‘మరెరు’ ఉంటే ఉమరెరు: పుట్టడం.
‘ఎరు’ ఉంటే హయెరు: మొలవడం. పసిపిల్లలకు పళ్లొచ్చినా, పెరట్లో కలుపు లేచినా ఇదే మాట.
అందుకే నోట్‌బుక్‌లో ఒంటి కంజి రాయకండి, తోకతో సహా మొత్తం మాట రాయండి.

2. తోక లేదు, పక్కన ఇంకో కంజి ఉంది. అప్పుడు ఎక్కువగా ‘సెయ్’ లేదా ‘షో’: గకుసెయ్ (విద్యార్థి), ఇష్షో (జీవితకాలం).

3. తోక లేదు, వెనక తిండి పేరుంది. అప్పుడు ముందుగా ‘నమ’ అని చదివి చూడండి. ఇది అచ్చంగా మన ‘పచ్చి’. నమతమగొ పచ్చి గుడ్డు. వంటింటి తడి చెత్త నమగొమి. టీవీలో లైవ్ ప్రసారం కూడా నమహోసోనే, వండకుండా వడ్డించినట్టు!

వీటికి లొంగని మాటలూ ఉంటాయి. వాటిని మాత్రం విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి.