అటక మీది పెద్ద రికార్డులు

నల్లకుంట, హైదరాబాదు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చిక్కడపల్లి ఇంటి అటక మీద తాతగారి 16 అంగుళాల గ్రామఫోన్ రికార్డులు దొరికాయని, ఒకసారి వేసి విందామని అన్నావు. వద్దమ్మా, ఇప్పుడే వేయకు. ముందు నడిమి రంధ్రం అంచు చూడు. లోహం మెరుస్తుంటే అది అల్యూమినియం పలక మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి, నేరుగా గాడి చెక్కిన రికార్డు. అచ్చు పోసింది కాదు కనుక దానికి రెండో ప్రతి ఉండకపోవచ్చు. పూత మెత్తన, ముల్లు తిరిగిన ప్రతిసారీ గొంతు కొంత అరుగుతుంది. లోహం కనబడకపోతే మరింత జాగ్రత్త. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అల్యూమినియం కొరతతో గాజు పలకలు వాడారు.

ఈరోజే అటక మీంచి దించెయ్యి. నేను ఒకప్పుడు అలాంటి రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒక వేసవంతా అటక మీద వదిలేశాను. జూన్‌లో తీసేసరికి పూత ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చింది. పైది ఎత్తగానే గోరంత పెచ్చు నా అరచేతిలో రాలింది. దాని మీద గాడులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ పాట మళ్లీ ఎవరూ వినలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

వాటిని పుస్తకాల్లా నిటారుగా నిలబెట్టు, వాలనివ్వకు. నాలుగైదు అంగుళాలకొక గట్టి అడ్డుపలక పెట్టు. చిన్న రికార్డులను వీటి మధ్య దూర్చకు. 20 డిగ్రీల చల్లదనం, 40 నుంచి 50 శాతం తేమ మంచివి. అయితే రాత్రి ఏసీ, పగలు ఉక్క ఉండే గది మాత్రం వద్దు. వేడికి లోహం ఒకలా, పూత ఒకలా సాగుతాయి. పెచ్చులు లేవడానికి అదీ ఒక కారణం. 2020 అక్టోబరు వానలకు ఇళ్లలోకి నీళ్లు రావడం గుర్తుంది కదా, నేలకు ఆనించకు.

తెల్లటి జిడ్డు పొడి కనిపిస్తే బూజు అనుకుని రుద్దకు. పూత మెత్తగా ఉండటానికి కలిపిన ఆముదం విడిపోయి, కొవ్వు ఆమ్లంగా పైకి తేలుతుంది. స్పిరిట్ అసలు తాకించకు. అంచులు, నడిమి చీటీ తప్ప గాడుల మీద వేలు పెట్టకు. పాత కాగితపు కవర్లు మార్చాలి, కానీ వాటి మీది రాతలు పారేయకు. తేదీ, పేరు అక్కడే ఉంటాయి.

కంప్యూటర్‌లోకి ఎక్కించే పని తెలిసినవారికే ఇద్దాం. ఇంట్లోని ప్లేయర్‌కు ఇంత పెద్దది పట్టదు. పైగా వీటిలో కొన్నిటి మీద ముల్లు లోపలి నుంచి బయటికి నడుస్తుంది. ఆదివారం ఉదయం నేనే వస్తాను. అంతవరకు గట్టి అట్టముక్కలు, మెత్తటి బ్రష్షు తెచ్చి ఉంచు.

మీ మామయ్య