చరిత్ర రాసే ముందు ఒకసారి భీమిలి వెళ్ళిరా

బుజ్జమ్మకు మావయ్య ఆశీస్సులు.

ఆదివారాలు కలిసి పాడుకునే మన జామ్ గ్రూపు చరిత్ర రాస్తానన్నావని చెబితే మీ అత్త ఒకటే నవ్వు. "పాడేవాళ్ళకంటే టీ తాగేవాళ్ళే ఎక్కువ, దానికి చరిత్రొకటా?" అంది. ఆ మాట కూడా రాసుకో, అబద్ధమేం కాదు.

ఎప్పుడు మొదలైందని మాత్రం ఎవర్నీ అడక్కు. ఒకరు పదేళ్ళంటారు, ఇంకొకరు పదిహేనంటారు, ఇద్దరూ ఒట్టేసి మరీ చెబుతారు. హుద్‌హుద్ తుఫానుకి ముందా, తర్వాతా అని అడుగు. 2014 అక్టోబర్ 12 విశాఖలో ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజు ఎవరి గిటారు ఎక్కడ తడిసిందో కూడా చెప్పేస్తారు. బీచ్ రోడ్డు ఫొటోలు దొరికితే మనుషుల వెనకాల ఏముందో చూడు. కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచీ మ్యూజియంగా అక్కడే ఉంది, దానివల్ల నీకు పెద్దగా లాభం లేదు. దాని ఎదురుగా టీయూ-142 విమానం కనిపించిందా, ఆ ఫొటో 2017కంటే పాతది కాదు.

నా పాటల నోట్‌బుక్ నీకిస్తాను. అట్ట చెదలు తినేసింది గానీ లోపల బాగానే ఉంది. ఎవరు పాడారో రాయలేదు నేను, తెలివితక్కువ పని. పాట పక్కన శ్రుతి ఒక్కటే రాశాను. మొదటి పేజీలన్నీ ఒకటి, ఒకటిన్నర, మగగొంతులకి కుదిరే కింది శ్రుతులు. అంటే అందరం మగవాళ్ళమే. ఆడగొంతులకి కుదిరే ఐదు, ఐదున్నర ఏ పేజీ నుంచి కనిపిస్తున్నాయో చూడు, మీ అమ్మావాళ్ళు రావడం అప్పుడే మొదలైంది. ఒకటిన్నర అంటే మొదట్లో గిటారు కుర్రాడికి చెమటలు పట్టేవి. మొదటి మెట్టు మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించి సీ కార్డు పట్టుకుంటే సరిపోతుందని తెలిశాక అతని టెన్షన్ పోయింది. మోహన రాగం పాటలు అన్నేసి ఎందుకున్నాయని అనుకుంటావేమో. ఐదు స్వరాలే కదా, ఫ్లూటూ గిటారూ హార్మోనియమూ ఎవరికి వారు దూరిపోవచ్చు.

గొడవలు వదిలేయకు. లాసన్స్ బే ఇసుకలో కూర్చుంటే గాలి పాటని ఎత్తుకుపోయేది, తీగలేమో ఉప్పుగాలికి తుప్పు పట్టేవి. అందుకని మైకూ స్పీకరూ కొన్నారు. కొన్నారేంటి, కొన్నది నేనే. మైకు రాగానే గుండ్రంగా కూర్చునేవాళ్ళం కాస్తా వరసల్లోకి మారాం. ఒకరు పాడటం, మిగతావాళ్ళు ఫోన్లు చూసుకోవడం. కంజీర అనే చేతి డప్పు వాయించే మాస్టారు మూడు వారాలు చూసి రావడం మానేశారు. స్పీకరు అమ్మేసి, ఎంవీపీ కాలనీలో మా మేడ మీదకి మారాకే మళ్ళీ వచ్చారు. నా పేరు పెట్టే రాయి, ఫరవాలేదు.

ఉన్నవాళ్ళని అడిగితే అందరూ బాగుందనే అంటారు. మానేసినవాళ్ళ దగ్గరకి వెళ్ళు. భీమిలి వైపు నుంచి ఒకాయన తప్పెటగుళ్ళు పట్టుకుని మేడ మీదకి వచ్చేవాడు. రేకు వాయిద్యం, గుండెల మీద వేలాడుతుంది, కాళ్ళకి గజ్జెలు. మొదటి రోజు దెబ్బకి కింద వాటాలోవాళ్ళు పైకొచ్చేశారు. "కాస్త మెల్లగా, కూర్చుని వాయించండి" అన్నాం. కూర్చున్నాడు పాపం, చెయ్యి ఆడలేదు. ఎగురుతూ వాయించేదాన్ని కూర్చుని ఎలా వాయిస్తాడు? ఆ మాత్రం తట్టలేదు మాకు. మూడో ఆదివారం తర్వాత మరి రాలేదు. నోట్‌బుక్‌లో ఆ మూడు వారాలకీ శ్రుతి రాయలేదు, ఏం రాయాలో తెలియక.

ఊరి పేరు ఫోన్లో చెబుతాను. పగలు వెళ్ళకు, గొర్రెలు తోలుకుపోతాడు. చీకటి పడ్డాక దొరుకుతాడు. కూర్చోమన్నదెవరని అడిగితే మా మావయ్యేనని చెప్పు.

మీ మావయ్య