మెడికల్ షాపు మాత్రతో ఎన్నాళ్లు నిద్రపోతాం?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరండి, వయసు 47. అమ్మాయి పెళ్లి చేసిన కాడ్నించి, ఆర్నెల్లుగా నిద్ర లేదు. పదింటికే పడుకుంటా, ఒంటిగంటకల్లా మెలకువ వచ్చుద్ది, ఇంక అప్పులు వడ్డీలు లెక్కేసుకుంటా ఉంటే తెల్లారిపోద్ది. గుండెదడ, గ్యాస్. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఆరెంపీ గారు చెప్పిన అల్ప్రాజోలం రెండు నెలలుగా వేసుకుంటున్నా, అర మాత్ర పనిచెయ్యక ఇప్పుడు ఒకటి వేసుకోవాల్సొస్తోంది. అత్తయ్య దిష్టి అని తాయెత్తు కట్టించారు. పిచ్చి డాక్టరు దగ్గరికెళ్తే ఊరంతా తెలిసిపోద్దని మా ఆయన ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు మాత్ర సంగతి. ఇది చదివి రేపట్నుంచి టక్కున మానెయ్యొద్దు, అలా మానేస్తే నిద్ర ఇంకా చెడుద్ది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. అసలది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కానీ మన దగ్గర ఎలా దొరుకుద్దో మీకూ తెలుసు నాకూ తెలుసు.

వారానికి 3 రాత్రులు చొప్పున 3 నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు, మీది అదే అనిపిస్తోంది. దీనికి మొదటి వైద్యం మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే పద్ధతి, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చి నిద్ర పట్టించడం. నిద్ర రాకుండా మంచం మీద దొర్లేకొద్దీ మంచం ఎక్కగానే దిగులు పట్టుకోవడం అలవాటైపోద్ది, ఆ అలవాటు విడగొట్టడమే ఇందులో అసలు పని. పదింటికి కాదు, కళ్లు మూతలు పడుతుంటేనే పడుకోండి. మెలకువొచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టట్లేదనిపిస్తే (గడియారం చూడొద్దు, ఫోనసలే వద్దు) లేచి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు ఏరుతూ ఉండండి, ఆవలింతలొచ్చాకే మళ్లీ మంచం. ఎంత లేటుగా పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవాలి, మధ్యాహ్నం కునుకు వద్దు. మొదటి వారం పది రోజులు కష్టంగానే ఉంటుంది. సాయంత్రం టీ మానెయ్యండి. వడ్డీ లెక్కలు ఆరింటప్పుడు మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకంలో రాసెయ్యండి, అప్పు మీ ఒక్కరిదే కాదుగా.

మనవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు, గ్యాస్ అనో దడ అనో చెప్తారు, డాక్టరు కూడా గ్యాస్ మాత్ర రాసి పంపిస్తాడు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, పేచీ లేదు. కానీ మీ వయసులో థైరాయిడ్, నెలసరి ఆగేటప్పుడు వచ్చే ఆవిర్లు కూడా నిద్ర చెడగొడతాయి, అవీ చూపించుకోవాలి.

ఊరి భయం ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. మనసు బాధలకి ఫోన్లోనే సలహా చెప్పే టెలి మానస్ అది, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే చెయ్యండి. తర్వాత మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీలో చూపించుకోండి, ఆ ఆసుపత్రికి అన్ని జబ్బులవాళ్లూ వస్తారు, మీరు దేనికొచ్చారో ఎవరికీ పట్టదు. వెళ్లేటప్పుడు ఆ మాత్రల షీటు పట్టుకెళ్లండి, ఎన్నాళ్లుగా ఎంత వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి.