దిండు గలీబుల పసుపు మరకలు బ్లీచ్‌తో ఎందుకు పోలేదంటే

తెల్లటి కాటన్ గలీబులు పచ్చబడ్డాయని, బ్లీచ్‌లో నానబెడితే ఆ పసుపు ఇంకా ముదిరిందని రాశారు కదా. టెన్షన్ పడకండి. అది చెమట, తలనూనె కలిసి పట్టిన జిడ్డు. క్లోరిన్ బ్లీచ్ జిడ్డును వదిలించలేదు సరికదా, చెమటలోని ప్రోటీన్‌తో కలిస్తే పసుపు పెరుగుతుంది కూడా.

ముందు బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా మంచినీళ్లలో జాడించండి. మిగిలిన బ్లీచ్ మీద వెనిగర్ మాత్రం పోయకండి, విషవాయువు పుడుతుంది. తర్వాత మరకల మీద గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, మెల్లగా రుద్ది, ఓ అరగంట వదిలేయండి. జిడ్డు వదిలేది ఇక్కడే, తొందరపడొద్దు.

ఆపైన ఆక్సిజన్ బ్లీచ్ పొడి, అంటే ప్యాకెట్ మీద సోడియం పర్‌కార్బొనేట్ అని రాసి ఉండేది, 40 నుంచి 60 డిగ్రీల వేడినీళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టండి. చన్నీళ్లలో అది సరిగా పనిచేయదు. కొలత ప్యాకెట్ మీద చూసుకోండి. బకెట్ మీద మూత బిగించొద్దు, గ్యాస్ వస్తుంది. పొద్దున మామూలుగా ఉతికేయడమే.

పాత మరకైతే రెండోసారి నానబెట్టాల్సి రావచ్చు. పూర్తిగా పోయేవరకు ఇస్త్రీ పెట్టకండి, ఆ వేడికి మరక పాతుకుపోతుంది.