పాత వైర్‌లెస్ యూఎస్‌బీ డాంగిల్‌కి డ్రైవర్ ఏదీ?

ప్రశ్న: అటక మీద పాత వైర్‌లెస్ యూఎస్‌బీ హబ్, దాని డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రేడియో ముక్క) దొరికాయి. కొత్త లినక్స్ ల్యాప్‌టాప్‌కి పెడితే ఉలుకూ పలుకూ లేదు. డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కడుంటుంది?

జవాబు: ఉండేది, తీసేశారు. 2008 డిసెంబరులో వచ్చిన లినక్స్ 2.6.28 కెర్నెల్‌లో (అంటే లినక్స్ గుండెకాయ లాంటి మూల ప్రోగ్రామ్‌లో) అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే దగ్గరి దూరాల రేడియో పద్ధతికీ, దాని మీద నడిచే వైర్‌లెస్ యూఎస్‌బీకీ సపోర్ట్ చేర్చారు. నాకప్పుడు ఎంత సంబరమో! కేబుల్ లేకుండా 3 మీటర్ల లోపు సెకనుకు 480 మెగాబిట్లు, 10 మీటర్ల దూరంలో 110. ఇదంతా కాగితం మీది లెక్క. నా హబ్‌కి మధ్యలో ఎవరైనా అడ్డం నిలబడితే చాలు, ఫైల్ కాపీ నత్తనడక పట్టేది. దాని సిగ్నల్ 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ మధ్య విశాలంగా పరుచుకుంటుంది, కానీ ఇతర రేడియోలకు అడ్డు రాకూడదని శక్తి చాలా తక్కువ. మనిషి ఒళ్లు దాటడమే కష్టం.

ఈలోగా వైఫై వేగం పెరిగింది, ఈ పరికరాలు కొనేవాళ్లు లేరు. లినక్స్ వాళ్లు 2019లో ఆ కోడ్‌ని స్టేజింగ్ విభాగంలోకి (తీసేసే ముందు పక్కన పెట్టే చోటికి) నెట్టి, 2020లో 5.7 కెర్నెల్‌తో పూర్తిగా తొలగించారు. సరదాకి చూడాలనుకుంటే, నెట్‌కి కలపని పాత కంప్యూటర్‌లో 4.19 లాంటి కెర్నెల్ వేసి ప్రయత్నించండి. అప్పుడు కూడా అన్ని డాంగిళ్లూ పలకవు. ఇప్పటి ఫోన్లలో ఉన్న అల్ట్రా వైడ్‌బ్యాండ్ ప్రధానంగా దూరం కొలవడానికి, మీ హబ్‌తో అది మాట్లాడదు.