అప్పుకు రాసిచ్చిన క్రయ దస్తావేజు: అమ్మకమా, తనఖానా?

ప్రశ్న: వ్యాపారానికి అప్పు తీసుకుంటూ ఇంటిని రుణదాత పేరిట క్రయం రిజిస్టర్ చేయించాను. మూడేళ్లలో బాకీ తీరిస్తే ఇల్లు తిరిగి రాసిస్తామన్నారు. గడువు దాటి ఐదు నెలలైంది. ఇప్పుడు డబ్బు సమకూరింది కానీ, ‘ఇల్లు మాదే, కావాలంటే ఇప్పటి ధరకు కొనుక్కోండి’ అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఆ ధర గురించి బేరం మొదలుపెట్టకండి. అడ్వాన్సు రసీదు మీద సంతకం చేశారంటే, అది అమ్మకమేనని మీరే ఒప్పుకున్నట్లు రేపు చూపిస్తారు. ముందు దస్తావేజు తీసి, తిరిగి రాసిచ్చే షరతు ఏ కాగితంలో ఉందో చూడండి.

ఆస్తి బదిలీ చట్టం (1882) 58వ సెక్షన్ ప్రకారం షరతుతో కూడిన విక్రయం కూడా ఒక రకం తనఖాయే. అయితే 1929 సవరణ ఒక మెలిక పెట్టింది. షరతు ఆ క్రయ దస్తావేజులోనే ఉండాలి. అదే రోజున, అదే బల్ల మీద రాసుకున్నా సరే, విడి ఒప్పందంలో ఉంటే అది తనఖా కాదు. చాలామంది రుణదాతలు రెండు కాగితాలు రాయించేది ఊరికే కాదు!

ఒకే దస్తావేజులో ఉన్నంత మాత్రాన గెలిచినట్లూ కాదు. అసలు ఉద్దేశం అప్పేనా అని కోర్టు చూస్తుంది. రాసిన వెల మార్కెట్ ధరకంటే బాగా తక్కువా? ఇంట్లో ఇప్పటికీ మీరే ఉంటున్నారా? పన్ను ఎవరు కడుతున్నారు? వడ్డీ చెల్లించిన ఆధారాలున్నాయా? బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

తనఖా అని తేలితే ఐదు నెలల ఆలస్యం పెద్ద విషయం కాదు. ‘గడువు దాటితే ఇల్లు పూర్తిగా నాదే’ అని రాసి ఉన్నా, విడిపించుకునే హక్కు దానంతట అది పోదు. దావాకు కాలపరిమితి 30 ఏళ్లు. మీరు ఇవ్వాల్సింది అసలు, వడ్డీ మాత్రమే. ఇంటి ధర పెరిగిన లాభం మీకే. రుణదాత డబ్బు తీసుకోనంటే 83వ సెక్షన్ కింద కోర్టులో జమ చేయవచ్చు. పద్ధతి ప్రకారం బాకీ మొత్తం జమ చేస్తే అక్కడితో వడ్డీ ఆగుతుంది.

షరతు విడి కాగితంలో ఉంటే మీ చేయి బలహీనమే. తిరిగి కొనే ఒప్పందాల్లో గడువును కోర్టులు చాలా కచ్చితంగా చూస్తాయి. అప్పుడు బేరమే దారి కావచ్చు. అదే ధరకు అలాంటి వేరే ఇల్లు కొంటారా అని మాత్రం ఒకసారి లెక్క వేసుకోండి.

సివిల్ న్యాయవాది కాగితాలు చూసేదాకా ఆ డబ్బును ఎప్పుడైనా తీసుకోగల డిపాజిట్‌లోనే ఉంచండి. కోర్టులో జమ చేయాల్సి వస్తే వెంటనే అందాలి.