కొత్త కెమెరాతో ముందు జూకా, అడవికా?

మీరు అడిగింది ఇదీ: ఉండేది కడపలో, కొత్తగా క్రాప్ సెన్సార్ (ఫొటో పడే పలక ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకంటే చిన్నది) కెనాన్ కెమెరా, 55-250 ఎంఎం జూమ్ లెన్స్ కొన్నారు. జంతువుల ఫొటోలు నేర్చుకోడానికి తిరుపతి జూ సరిపోతుందా, లేక నేరుగా లంకమల అడవికి పోయి కలివికోడి అనే అరుదైన పిట్ట కోసం చూడాలా?

జూకే పోండి. కలివికోడిని కొన్నాళ్లు పక్కన పెట్టండి. 1986లో మన సిద్ధవటం వైపు మళ్లీ దొరికేదాకా ఆ పిట్ట అంతరించిపోయిందనే అనుకున్నారు. పైగా అది తిరిగేది రాత్రిపూట. అటవీశాఖ అనుమతి తెచ్చుకుని పోయినా కొత్తవాళ్లకు మిగిలేది కాళ్లనిండా ముళ్ల గీతలే.

నేనూ కడపవాణ్ణే. నాకు ఈ పని వచ్చింది తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూలోనే. 1987లో పెట్టిన ఆ జూ శేషాచలం కొండల కింద 5,500 ఎకరాలకు పైగా ఉంది. కెమెరా పట్టుకుని అంతా ఒక్కరోజులో చుట్టేద్దామనుకుంటే ఏదీ రాదు. రెండు మూడు ఎన్‌క్లోజర్లు ఎంచుకుని అక్కడే నిలబడండి. ఇంటిల్లిపాదినీ తీసుకుపోతే మాత్రం ఫొటోల మాట మర్చిపోవచ్చు. నెమలి దగ్గర మీరు కెమెరా తీసేలోపే పిల్లకాయలు ఏనుగు యాడుందని చెయ్యి పట్టి లాగుతారు.

జూలో కొత్తవాళ్లందరికీ అడ్డొచ్చేది జాలీ. కెమెరా జంతువును వదిలేసి ఇనుప తీగల మీద ఫోకస్ పడుతుంది. దీనికి మీ లెన్సే మందు. జూమ్ 250కి తీసుకుపోయి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) పూర్తిగా తెరవండి. మీ లెన్స్‌లో ఆ చివర అది ఎఫ్/5.6. బారికేడ్ దాటకుండా జాలీకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరికి పోండి. జంతువు జాలీకి ఆనుకుని ఉన్నప్పుడు తీయకండి, అది నాలుగడుగులు వెనక్కి పోయేదాకా ఆగండి. ఫోకస్ పాయింట్ ఒక్కటే పెట్టుకుని తీగల సందులోంచి కంటి మీద పట్టండి. ఇవన్నీ కుదిరితే తీగలు కరిగిపోయినట్టు మాయమవుతాయి. ఇంకోటి ఎవరూ చెప్పరు: ఎండ పడే జాలీ తెల్లగా మెరుస్తుంది, ఎంత బ్లర్ చేసినా ఫొటో మీద మంచు కప్పినట్టు పొర మిగులుతుంది. అందుకే నీడ పడిన వైపు వెతుక్కుని నిలబడాలి. ఒకే ఎన్‌క్లోజర్ చుట్టూ పది అడుగులు జరిగినా చాలు, తేడా తెలిసిపోతుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఈ తిప్పలు తక్కువే, ఫోన్ కెమెరా చిన్నది కాబట్టి తీగల సందులో సరిపోతుంది. కాకపోతే జాలీని తాకేంత దగ్గరికి పోనిచ్చే చోట్లు తక్కువ, కోతుల దగ్గరైతే ఫోన్ పోతుంది కూడా.

తర్వాతది వెలుతురు. ఏం చూపించినా కెమెరా మీటర్ దాన్ని నడిమి బూడిదరంగుగా లెక్కేసుకుంటుంది. అందుకే తెల్లపులి ఫ్రేమ్ నిండా ఉంటే మురికిపట్టినట్టు వస్తుంది, ఎలుగుబంటి వెలిసిపోయినట్టు వస్తుంది. తెల్లదానికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ ముప్పావు నుంచి ఒకటి, నల్లదానికి మైనస్ ఒకటి దాకా పెట్టి చూడండి. దీన్ని తిరుపతిలో మొదలుపెట్టాల్సిన పనిలేదు. మీ వీధిలో ఎనుము ఉంటుంది, దాన్ని తీయండి. దేవుని కడప చెరువు గట్టున తెల్లకొంగను తీయండి. ఈ రెండూ సరిగ్గా వస్తే తెల్లపులి దగ్గర తడబడరు.

షట్టర్ విషయం సూటిగా చెప్తాను. మీ కెమెరాలో 250 అంటే ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 400, కాబట్టి చెయ్యి వణుకు ఫొటోలో పడకుండా షట్టర్ వేగం సెకనులో 1/400 వంతు కంటే నెమ్మదిగా పెట్టకండి. నడిచే జంతువుకు 1/500, పరిగెత్తేదానికి 1/1000. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) పెంచండి, ఫొటోలో చుక్కల్లాంటి గింజలు వస్తాయని భయపడొద్దు. గింజలున్న ఫొటో పనికొస్తుంది, కదిలిపోయింది పనికిరాదు. లెన్స్‌లో ఉన్న స్టెబిలైజర్ మన చెయ్యి వణుకును ఆపుతుందే గానీ పులి నడకను ఆపదు.

పులి నడక అంటే గుర్తొచ్చింది. బోనులో పులి ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుంటుంది. చూడ్డానికి బాధగా ఉంటుంది, నిజమే. కానీ నేర్చుకునేవాడికి అడవిలో దొరకని అవకాశం అది. ఎక్కడ మళ్లుతుందో కాసేపు చూడండి. మళ్లేటప్పుడు ముందు తల తిరుగుతుంది, ఒళ్లు వెనక వస్తుంది. ఆ అరక్షణం రెండు కళ్లూ మీవైపే ఉంటాయి. ఆ చోటు మీద ముందే గురిపెట్టి, కంటిన్యువస్ ఫోకస్ (కదిలేదాన్ని వెంబడించేది), బరస్ట్ (వరసగా ఫొటోలు తీసేది) ఆన్ చేసుకుని ఆగండి. వీలైతే కూర్చుని దాని కళ్ల ఎత్తుకు కెమెరా దించండి. కందకం పైనుంచి నిలబడి తీస్తే ఎంత పెద్ద పులైనా పిల్లిలా కనబడుతుంది.

అద్దం వెనక పాములుంటే అద్దంలో మీ ప్రతిబింబం పడకుండా లెన్స్ హుడ్‌ను (లెన్స్ ముందు తొడిగే గొట్టం) అద్దానికి ఆనించి తీయండి, ముదురు రంగు చొక్కా వేసుకోండి, అంతే. ఫ్లాష్ వద్దేవద్దు. ఈల వేయడం, రాయి విసరడం, బిస్కెట్ చూపించడం లాంటివి చేసేవాళ్లు మీ పక్కనే ఉంటారు. జూలో జంతువును విసిగించడం, మేత పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని వాళ్లకు చెప్పండి. చెప్తే మీ మీదికే వస్తారనుకోండి, గార్డును పిలవండి.

రాజంపేట, కోడూరు మీదుగా బస్సుకు మూడు నాలుగు గంటలు పడుతుంది కాబట్టి ముందురోజు రాత్రే తిరుపతి చేరుకోవడం మేలు. గేటు తీసిన మొదటి రెండు గంటలే పనికొచ్చేవి. ఎండెక్కితే అన్నీ నీడలో పడుకుంటాయి, దూరంగా ఉన్నవి తీస్తే నేల సెగకు ఫొటో అలలుపోయినట్టు వస్తుంది, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అంతే. మన ఎండలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితేనే పోవాలి. కెమెరాకు వేరే టికెట్ అడుగుతారేమో కౌంటర్లోనే కనుక్కోండి, వారపు సెలవు ఏ రోజో కూడా బయలుదేరే ముందే చూసుకోండి.

ఇదంతా చేతికి అలవాటయ్యాక నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు పోండి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. కృష్ణజింకలుంటాయి, జాలీ ఉండదు, అవి మిమ్మల్ని దగ్గరికి రానివ్వవు. 250 చాలదని మీకక్కడే తెలుస్తుంది. పెద్ద లెన్స్ కొనాలా, అద్దెకు తేవాలా అన్న ప్రశ్న అప్పుడు అడగండి, నాకు తెలిసింది రాస్తాను.